ఇంగ్లండులో పారిశ్రామిక యుగపు తొలి కాలువ ఏది: శాంకీయా, బ్రిడ్జ్‌వాటరా?

పాతమ్యాపు:
ఏ క్విజ్ పుస్తకం తెరిచినా ఒకటే జవాబు: 1761 నాటి బ్రిడ్జ్‌వాటర్ కాలువ. నాకిది మింగుడుపడటం లేదు. సెయింట్ హెలెన్స్ ప్రాంతపు బొగ్గును మెర్సీ నదికి చేర్చడానికి తవ్విన శాంకీ కాలువకు 1755లోనే పార్లమెంటు అనుమతి వచ్చింది. 1757లో బొగ్గు పడవలు తిరిగాయి. దాని వెనుక ఉన్నది లివర్‌పూల్ పురపాలకులు, ఉప్పు వ్యాపారులు. చెషైర్ ఉప్పునీటిని మరిగించాలంటే బొగ్గు కావాలి మరి. కాలువలో పెద్ద వాటాదారు జాన్ ఆష్టన్‌ ఉప్పు బట్టీల యజమానే. బ్రిడ్జ్‌వాటర్ కాలువను తవ్వించినవాడు అదే పేరున్న డ్యూకు, అంటే పెద్ద ప్రభువు. కీర్తి ఎటు పోయిందో చూడండి.

లాకులపేట:
తేదీలు చూసి తీర్పు చెప్పేస్తే ఎలాగండీ? శాంకీకి వచ్చిన అనుమతి వాగును పడవలకు అనువుగా చేయడానికి. నదులను అలా బాగుచేసుకోవడం ఇంగ్లండుకు అప్పటికే పాత అలవాటు. బ్రిడ్జ్‌వాటర్ ఏ నదినీ పట్టుకుని పోలేదు. బార్టన్ దగ్గర ఇర్వెల్ నది అడ్డం వస్తే, దాదాపు 38 అడుగుల ఎత్తున రాతి అక్విడెక్టు (కాలువను మోసే వంతెన) కట్టి నది మీదుగా దాటింది. పి.గన్నవరంలో వైనతేయను కాలువ దాటడం చూసిన కోనసీమవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. 1761 జూలై 17న మొదటి బొగ్గు పడవ పైన వెళ్లింది, కింద నదిలో వేరే పడవలు. వర్స్‌లీ (డ్యూకు బొగ్గు గనులున్న చోటు) నుంచి మాంచెస్టర్ దాకా, పడవలను ఎత్తి దించే లాకు ఒక్కటి కూడా లేదు.

పాతమ్యాపు:
అనుమతి పత్రంలో ఉన్నది వాగే, తవ్వింది మాత్రం కాలువ. ఆ వంకర వాగులో పడవలు నడపడం అయ్యే పని కాదని ఇంజనీరు హెన్రీ బెర్రీకి తెలుసు. వాగు పక్కనే వేరే కాలువ తవ్వి, వాగు నుంచి నీళ్లు మాత్రం తీసుకున్నాడు. ఒకచోట రెండు లాకులను ఒకదానికొకటి ఆనించి మెట్లలా కట్టాడు. ఇంగ్లండులో అలాంటివాటిలో అదే మొదటిది. మెర్సీ పడవలు తెరచాప కొయ్యలతో సహా రావాలని వంతెనలను పక్కకు తిరిగేలా పెట్టారు. ఇన్ని చేశాక కూడా దాన్ని బాగుచేసిన వాగే అంటారా?

ఈశాన్యం:
ఇద్దరూ ముందే ఇంగ్లండు అని గిరి గీసుకున్నారు కాబట్టి బతికిపోయారు. ఐర్లండులో న్యూరీ కాలువ 1742లోనే తెరిచారు. టైరోన్ బొగ్గును డబ్లిన్‌కు పంపాలన్నది లక్ష్యం. 18 మైళ్లు, 14 లాకులు. మధ్యలో ఎత్తైన నేలను ఎక్కి అవతలివైపు దిగుతుంది. చివరి దశలో ఆ పని చూసిన థామస్ స్టీర్స్ లివర్‌పూల్ రేవు ఇంజనీరు. ఆయన దగ్గర పనిచేసి, తర్వాత అదే పదవిలోకి వచ్చినవాడే మీ బెర్రీ. శాంకీ విద్య ఎక్కడి నుంచి వచ్చిందో నేను విడమరచి చెప్పాలా?

లాకులపేట:
బాగుంది, కానీ నా అసలు మాట ఇంకా చెప్పనే లేదు. వర్స్‌లీ గనుల్లో ఊరే నీటిని బయటికి పంపడమే పెద్ద తలనొప్పి. కాలువకు కావలసింది నీరే. గని నీటిని కాలువకు మళ్లించి, ఆ నీటి దారినే కొండలోపల బొగ్గు పొర దాకా పొడిగించారు. ఇరుకైన పడవలు గనిలోకే వెళ్లి బొగ్గు నింపుకుని వచ్చేవి. కాలక్రమంలో భూగర్భ కాలువలు 40 మైళ్లు దాటాయి. మాంచెస్టర్‌లో బొగ్గు ధర దాదాపు సగానికి పడిపోయింది. అది చూశాకే అందరికీ కాలువల మోజు పట్టింది. ట్రెంట్, మెర్సీ నదులను కలిపే కాలువకు 1766లో అనుమతి వచ్చింది. శాంకీ మొదలైన ఏడాది ఆ కదలిక ఏదీ?

బొగ్గుమసి:
ఇందులో ఆ కాలువ ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీకి అంతా కట్టబెట్టకపోవడం సంతోషం. గని నీటిని, కాలువను కలిపే ఆలోచన డ్యూకు వ్యవహారాలు చూసే జాన్ గిల్బర్ట్‌ది అనేవాళ్లతోనే నేను. మరయంత్రాల పనిలో ఆరితేరిన బ్రిండ్లీ తర్వాత వచ్చి చేరాడు. డ్యూకు అప్పులు తెచ్చాడు, అదీ చిన్న విషయం కాదు. నీరు ఇంకిపోకుండా బంకమట్టిని నీళ్లతో తొక్కి తొక్కి కాలువ అడుగున పరిచిన కూలీల పేర్లు మాత్రం ఏ పక్షంవాళ్లూ చెప్పరు.

పాతమ్యాపు:
లాకులపేట గారూ, పదిమందిని కదిలించిన కాలువ ఏదని అడిగితే నా ఓటూ బ్రిడ్జ్‌వాటర్‌కే. అయితే ఆ మాటే రాయండి. దాని కోసం ‘మొదటిది’ అన్న బిరుదును శాంకీ నుంచి ఎందుకు లాక్కోవాలి? ఆ క్విజ్ పుస్తకం ప్రచురణకర్తలకు ఈ రాత్రే ఉత్తరం రాస్తున్నాను.

ఈశాన్యం:
రాసేటప్పుడు న్యూరీ సంగతి కూడా ఒక వాక్యం చేర్చండి.