బండల యూనిట్ వెబ్‌సైటు: పైన గండికోట డ్రోన్ వీడియోనా, ఫోన్ నంబరా?

ఎర్రగుంట్ల మేనల్లుడు:
మా మామకు ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ యూనిట్ ఉంది. నల్ల కడప బండలు. వంటగట్లకూ అల్మారా అరలకూ బెంగళూరు, చెన్నై దాకా పోతాయి. వెబ్‌సైటు నేను చేయిస్తున్నాను. పేజీ తెరవగానే గండికోట లోయ మీద డ్రోన్ వీడియో, తర్వాత ఒకదాని వెంట ఒకటి మారే ఐదు ఫోటోల స్లైడర్ పెడదామని డిజైనర్ అంటున్నాడు. మామేమో వేంకటేశ్వరస్వామి పటం, పెద్దక్షరాల్లో ఫోన్ నంబరు చాలంటాడు. మీరేమంటారు?

పెన్నాగట్టు:
డిజైనర్ మాటే విను అన్నా. కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీవాళ్లు 2006లో ప్రచురించిన పరిశోధన ఉంది. 50 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఇరవయ్యో వంతు చూపిస్తే చాలు, పేజీ అందంగా ఉందో లేదో జనం తేల్చేస్తారు. అంతలో నంబరు ఎవరు చదువుతారు? ముందు కంటికి నచ్చాలి.

కడప వెబ్ పనివాడు:
ఆ పరిశోధన నిజమే, కానీ అది చూపుకు నచ్చడం గురించి. వచ్చినవాడికి కావాల్సింది ఇక్కడ దొరుకుతుందా లేదా అన్నది అందులో లేదు. ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకంటే ఒకసారి నేనే తప్పు చేశాను. ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడికి ఆరు ఫోటోల స్లైడర్ పెట్టిచ్చాను. ఒక్కో ఫోటో 3 ఎంబీ. నా గదిలో వైఫై మీద బ్రహ్మాండంగా తిరిగింది. నెల తర్వాత ఓనరు ఫోన్ చేసి, "సార్, తెల్లతెర వస్తోందంటున్నారు" అన్నాడు. అప్పుడు బస్సులో ఉన్నాను, నా ఫోన్‌లోనే తెరిచాను. మొదటి చీర కనబడకముందే విసుగొచ్చి మూసేశాను. అప్పటికే పెళ్లిళ్ల సీజన్ సగం అయిపోయింది. ఆ బాధ నాకింకా ఉంది.

స్లైడర్ సంగతి చూడండి. అమెరికాలో నోటర్‌డేమ్ యూనివర్సిటీ హోమ్‌పేజీలో లెక్కగడితే, వచ్చినవాళ్లలో దాదాపు 1 శాతమే దాన్ని నొక్కారు. అందులోనూ ఎక్కువమంది నొక్కింది మొదటి ఫోటోనే. మిగతా నాలుగింటి బరువు మీ మామ కస్టమర్ ఎందుకు మోయాలి?

మొదటి తెరలో అన్నిటికంటే పెద్దగా కనిపించేది 2.5 సెకన్లలోపు రావాలని గూగుల్ కొలత. అందుకే ఒకే ఫోటో పెట్టు, తక్కువ ఎంబీల్లో సరిపోయే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి. పేజీ కిందుండే ఫోటోలకు లేజీ లోడింగ్, అంటే అక్కడిదాకా జరిపినప్పుడే ఫోటో దిగేలా చేయడం, మంచిదే గానీ పైదానికి పెడితే ముందు రావాల్సింది ఆలస్యమవుతుంది. చాలామంది చేసే తప్పిది. ఫోటో వెడల్పు, ఎత్తు కోడ్‌లో ముందే రాయించు. లేకపోతే ఫోటో వచ్చేసరికి అక్షరాలు కిందికి జరిగి, వాట్సాప్ నొక్కబోయిన వేలు ఇంకోదాని మీద పడుతుంది.

ఫోటోలో పాలిష్ చేసిన బండ ఉండాలి, మందం తెలిసేలా అంచు కనబడాలి, మీద కొలత టేపు పెట్టి తీయించు. పైన ఒక్క వాక్యం: "నల్ల కడప బండలు, ఎర్రగుంట్ల నుంచి నేరుగా మీ ఇంటికి." కింద వాట్సాప్ బటన్. కొనేవాడు అడిగేది మందం, సైజు, లారీ బాడుగ. గండికోట గురించి అడగడు.

గండికోట టెంట్లు:
అన్నా, మాకు మాత్రం గండికోటే కావాలి. తెల్లవారుజామున తీసిన పెన్నా లోయ ఫోటో పైనుంచి తీసేస్తే మాకు ఒక్క ఫోనూ రాదు.

కడప వెబ్ పనివాడు:
నిజమే తమ్ముడూ, నీకు ఆ లోయే సరుకు. ఫోటో ఉండాల్సిందే. వీడియో మాత్రం దానంతట అదే ఆడకుండా చూడు, డేటా వాళ్లది.

ప్రొద్దుటూరు అక్క:
అన్నీ పైనే కుక్కాలన్న తొందర కూడా వద్దు. వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ అనే సంస్థ కంప్యూటర్ తెరల మీద జనం చూపును కొలిచింది. 2010లో 80 శాతం సమయం మొదటి తెర మీదే గడిచేది, 2018కి అది 57 శాతానికి తగ్గింది. కిందికి జరుపుతున్నారు. కానీ ఒకే ఫోటో తెరంతా నిండితే పేజీ అంతేననుకుంటారు. కింది భాగం తల కాస్త కనబడనియ్యి.

స్వామి పటం తీసేయమని మీ మామతో అనొద్దు నాయనా, అది ఆయన నమ్మకం. యూనిట్ పేరు పక్కన చిన్నగా పెట్టు. అంగడిలో పటం గల్లాపెట్టె పైన ఉంటుంది, వాకిలికి అడ్డంగా ఉండదు కదా.

ఎర్రగుంట్ల మేనల్లుడు:
అక్కా, మీ మాట మామకు నచ్చింది. నిన్న కడపలో ఇల్లు కట్టుకుంటున్న ఇద్దరికి ఫోన్‌లో ఐదు సెకన్లు చూపించాను, ఒకరికి ఒకటి. డ్రోన్ వీడియో చూసినాయన "టూర్ ప్యాకేజీనా?" అన్నాడు. బండ ఫోటో చూసినావిడ "అడుగు ఎంత?" అంది. డిజైనర్‌కు చెప్పేశాను. ధర పైన రాయడానికి మాత్రం మామ ఒప్పుకోవడం లేదు, పక్క యూనిట్‌వాళ్లు చూస్తారని.

కడప వెబ్ పనివాడు:
"అడుగు ఇంత నుంచి" అని తక్కువ రకం ధర ఒక్కటైనా రాయమను. ఆవిడ మొదటి ప్రశ్నే అది.

పెన్నాగట్టు:
స్లైడర్ మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ధర విషయంలో మాత్రం మామదే రైటు. రకాన్నిబట్టీ మందాన్నిబట్టీ ధర మారుతుంది. తక్కువ రకం అంకె చూసి వచ్చినవాడికి తర్వాత అసలు ధర చెబితే మోసమనుకుంటాడప్పా.