ఇంట్లో గర్భిణి ఉంటే పాత సిమెంటు రేకులు ఇప్పుడే మార్చాలా, పురుడయ్యాకా?

మంజీర:
మాది సంగారెడ్డి దగ్గర పల్లె. నాన్న వేయించిన సిమెంటు రేకుల ఇల్లు, ఇరవై ఏళ్లు దాటింది. మా ఆవిడకు ఐదో నెల, తొలికాన్పు. రెండు చోట్ల కారుతోంది, మూల రేకు పగిలింది. ఈ రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే రాతి పీచు ఉంటుందని చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. వానలు పడేలోపు మొత్తం దింపించి కొత్తవి వేయిద్దామని నేనంటున్నా. కడుపుతో ఉన్న మనిషి ఉండగా ఇంటిని కదిలించకూడదని అమ్మ. ఏం చేయమంటారు?

కొల్లేరు:
దింపేయండి, ఇందులో ఆలోచించేదేముంది? ఏ రకం ఆస్‌బెస్టాస్ అయినా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఊపిరితిత్తులు, స్వరపేటిక, అండాశయం, పైగా ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథీలియోమా. మన దగ్గర తవ్వకాలు ఆపారు గానీ దిగుమతి ఆపలేదు. పులివెందుల దగ్గర గనులు మూతపడ్డా రష్యా నుంచి సరుకు వస్తూనే ఉంది. పుట్టబోయే బిడ్డను ఆ రేకుల కింద పడుకోబెడతారా?

నల్లమల:
అన్నా, భయపెట్టకు. మా వాడంతా రేకుల ఇళ్లే. మా అమ్మ ముగ్గురిని ఆ రేకుల కిందే కన్నది, అందరం గుండ్రాయిలా ఉన్నాం. సిమెంటులో బిగుసుకుపోయిన పీచు దానంతటదే లేచి ముక్కులోకి రాదు. కదపకుంటే ఏ గొడవా లేదు. పగిలిన చోట పైనుంచి సీలెంట్ పూయించు, చాలు.

యారాడ:
నల్లమల గారూ, పీచు దానంతటదే లేవదన్న మాట నిజం, "గుండ్రాయిలా ఉన్నాం" అనేది మాత్రం ఏమీ రుజువు చేయదు. ఈ జబ్బులు పీచు పీల్చిన ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకు బయటపడతాయి. 1995లో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్లు ఉంచాలని ఆదేశించింది అందుకే. పసిబిడ్డ ముందు ఎన్ని ఏళ్లుంటాయో చూడండి, అసలు లెక్క అక్కడుంది.

మంజీర గారూ, మీ ఆవిడకు ఒక మాట చెప్పండి. రేకుల కింద ఉన్నందుకు గర్భం పోతుందనో, బిడ్డకు అవకరం వస్తుందనో రుజువు లేదు. మృతశిశువుల కణజాలంలో పీచు కనిపించిందని 1990లలో పరిశోధన వచ్చింది. హాని దానివల్లే జరిగిందని అది తేల్చలేదు. రాత్రుళ్లు నిద్రమానుకుని బాధపడాల్సిన విషయం కాదు. స్కానింగ్‌లోనూ ఇది తెలియదు, అదనంగా తీయించకండి.

కంభం చెరువు:
నేను రేకుల పని చేస్తా. మేం ఎలా దింపుతామో చెబుతా, తర్వాత మీ ఇష్టం. హుక్కుల నట్లు తుప్పు పట్టి తిరగవు. ఎవరు ఓపిగ్గా తిప్పుతారు? సుత్తితో నట్టు చుట్టూ రేకునే కొట్టేస్తాం. పొడవు ఎక్కువైతే గ్రైండర్ పెడతాం. నిమిషంలో తెల్లటి పొగ లేచి, కింద తొట్టి నీళ్ల మీద తెట్టులా తేలుతుంది. ఆరేసిన చీరల మీదా అదే. సాయంత్రం ఇంటావిడ చీపురుతో ఊడ్చి మళ్లీ లేపుతుంది. కింద థర్మోకోల్ సీలింగ్ ఉంటే దాని మీద ఏళ్ల దుమ్ము పేరుకుని ఉంటుంది, విప్పితే నెత్తినే.

కొల్లేరు:
మాస్కు పెట్టుకుంటే సరిపోదా?

యారాడ:
బట్ట మాస్కు, సర్జికల్ మాస్కు ఈ పీచును ఆపవు. కంభం చెరువు గారు చెప్పిన పద్ధతిలో దింపితే, ఇరవై ఏళ్లు ఊరికే ఉన్న రేకు కంటే ఆ ఒక్క రోజే ఎక్కువ చేటు. నేనుండే మెల్‌బోర్న్‌లో 2003 డిసెంబరు 31 నుంచి ఆస్‌బెస్టాస్ పూర్తిగా నిషేధం. పాత ఇళ్లలో ఉన్నది పనివాళ్లతో తీయిస్తే, పది చదరపు మీటర్లు దాటినప్పుడు లైసెన్సు ఉన్నవాళ్లే తీయాలి. మన పల్లెలో అలాంటివాళ్లు దొరకరు కాబట్టి పనిని మీరే దగ్గరుండి అదుపు చేయాలి.

నల్లమల:
అందుకే పురుడయ్యాక చూసుకోమంటున్నా.

యారాడ:
ఐదో నెల అంటే నాలుగు నెలల తర్వాత ఇంట్లో పసిబిడ్డ. అప్పుడు దుమ్ము లేపితే ఒకరికి బదులు ఇద్దరు పీలుస్తారు. తొలికాన్పు కదా, ఏడో నెలలో ఎలాగూ పుట్టింటికి తీసుకెళ్తారు. అత్తమామలతో మాట్లాడి వానల ముందే పంపండి. ఆవిడ వెళ్లాకే పని మొదలెట్టండి. అప్పుడు మీ అమ్మగారి మాటా నిలబడుతుంది.

మంజీర:
ఇది బాగుంది అక్కా. పని ఎలా చేయించాలి?

కంభం చెరువు:
నట్టు చుట్టూ నీళ్లు, కొంచెం సబ్బు కలిపి చల్లుతూ కట్టర్‌తో హుక్కునే తెంపాలి, రేకును కొట్టకూడదు. రేకంతా తడిపితే మాత్రం మేం ఒప్పుకోం, జారిపడి పోతాం. పాత రేకు మీద నేరుగా కాలు పెట్టకూడదు, అడ్డ కమ్మీల మీద చెక్క పలకలు వేసుకోవాలి. రేకును పైనుంచి విసరకుండా చేతుల మీదుగా దింపాలి. కూలి ఒక రోజు ఎక్కువ పడుతుంది, ముందే మాట్లాడుకో తమ్ముడూ. పనిలో వేసుకున్న బట్టలు ఇంట్లోవాళ్లతో ఉతికించకు.

యారాడ:
ఇల్లంతా తడిబట్టతో రెండు మూడుసార్లు తుడిచాకే ఆవిడను తీసుకురండి. ఆ గుడ్డలను కవర్లో కట్టి పారేయండి. నల్లమల గారు చెప్పిన సీలెంట్ కూడా తప్పేం కాదు, డబ్బుకు ఇబ్బందైతే ఈ ఏడాదికి అదే చేయండి. అయితే పూసే ముందు పాచి పట్టిందని వైరు బ్రష్‌తో గీకించొద్దు. కొత్తవి వేస్తే ఆస్‌బెస్టాస్ లేనివో, మెటల్ షీట్లో అడిగి తీసుకోండి.

నల్లమల:
మెటల్ షీటు కింద ఎండాకాలం బాలింత ఉడికిపోదా? దాని గురించి ఎవరూ మాట్లాడరు.

కొల్లేరు:
ఆ మాటా నిజమే. ఇన్సులేషన్ ఉన్నవి దొరుకుతాయి, ధర ఎక్కువ.

మంజీర:
మేస్త్రితో మాట్లాడా. అదనపు రోజు కూలి ఇస్తానంటే ఒప్పుకున్నాడు. పాత రేకులు మాత్రం పక్కింటి పెద్దాయన బర్రెల కొట్టానికి అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

యారాడ:
పగలనివి, కోయకుండా వేసుకుంటానంటే మీ ఇష్టం, విషయం చెప్పి ఇవ్వండి. పగిలిన ముక్కలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. పొయ్యి పక్కన దడికీ, మోరీ మీద మూతకూ వాడేస్తారు. తడిపి మందపాటి పాలిథిన్‌లో చుట్టి, పంచాయతీవాళ్లను అడిగి ఎక్కడ పూడ్చాలో తేల్చుకోండి.