యాంటీ టీపీఓ 1300 పైన వచ్చింది, ఈ అంకె తగ్గించుకోవాలా?

సిరి, గుంటూరు:
నిన్న థైరాయిడ్ రిపోర్టు వచ్చింది. యాంటీ టీపీఓ అనే థైరాయిడ్ యాంటీబాడీ 1300 పైన, టీఎస్‌హెచ్ 6.8 (కాస్త ఎక్కువ), థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 నార్మల్. హషిమోటో అనే థైరాయిడ్ జబ్బు అన్నారు డాక్టరు గారు. మందు ఇప్పుడే వద్దు, మూడు నెలలు ఆగి మళ్లీ చూద్దామన్నారు. ఆ 1300 చూసినప్పటి నుంచి మా అత్తగారికి ఒకటే కంగారు. మీలో ఎవరికైనా ఇది తగ్గిందా? ఏం చేశారు?

పద్మజ, వరంగల్:
సిరి గారూ, నాకు హషిమోటో వచ్చి చాలా ఏళ్లయింది. యాంటీ టీపీఓ మొదట్లో చేయించిందే, మళ్లీ చేయించలేదు. మన రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్ మీద పడుతోందని అది చెబుతుంది, అంతే. గ్రంథి ఎలా పనిచేస్తోందో చెప్పేది టీఎస్‌హెచ్. మాత్ర డోసు మార్చేదీ దాన్ని చూసే, అదీ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి.

రవి, డల్లాస్:
డాక్టరు గారు ఆగమనడం సబబే. ఇంగ్లండ్‌లోని విక్‌హమ్‌లో 20 ఏళ్లపాటు జనాన్ని గమనించారు. టీఎస్‌హెచ్ పెరిగి, యాంటీబాడీలూ ఉన్న ఆడవాళ్లలో ఏడాదికి నూటికి నలుగురికి పూర్తి హైపోథైరాయిడ్ (థైరాయిడ్ హార్మోన్ తగ్గిపోవడం) వచ్చింది. యాంటీబాడీలు మాత్రమే ఉన్నవాళ్లలో సుమారు ఇద్దరికి. సెలీనియం మాత్రల గురించి ఎవరో ఒకరు చెబుతారు మీకు. కొన్ని పరిశోధనల్లో యాంటీబాడీ అంకె తగ్గింది, నిజమే. కానీ దానివల్ల మందు అవసరం తప్పిందని గట్టి రుజువు లేదు. డాక్టరు చెప్పకుండా వేసుకోకండి.

రమణ, రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్:
ల్యాబ్ మారితే మెషీన్ మారుతుంది, అంకె మారుతుంది. ఒకచోట 1300, ఇంకోచోట 600 వచ్చిందని జబ్బు సగం తగ్గినట్టు కాదు. ఇంకో ముఖ్య విషయం: జుట్టు ఊడుతోందని చాలామంది బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నారు. కొన్ని మెషీన్లలో అది టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. లేని గ్రేవ్స్ జబ్బు (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) ఉన్నట్టు కనబడుతుంది! పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపేసి, ల్యాబ్‌లోనూ చెప్పండి.

స్వప్న, విజయవాడ:
నాది గ్రేవ్స్. మా లెక్క వేరండీ. టీఆర్‌ఏబీ అనే యాంటీబాడీ మాకు నిజంగా దారి చూపిస్తుంది. మాత్రలు ఆపే ముందు అది చూస్తారు. ఇంకా ఎక్కువగా ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. పైగా అది మాయ దాటి కడుపులో బిడ్డ దాకా వెళ్తుంది. గ్రేవ్స్‌కి ఆపరేషన్ చేయించుకుని, ఇప్పుడు థైరాయిడ్ నార్మల్‌గానే ఉన్నవాళ్లు కూడా గర్భం వస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

సిరి, గుంటూరు:
అందరికీ థాంక్సండీ. స్వప్న గారూ, మీరు అన్నాక గుర్తొచ్చింది. మేమూ పిల్లల కోసం చూస్తున్నాం. ఈ మాట డాక్టరు గారితో అనలేదు.

పద్మజ, వరంగల్:
అయితే మూడు నెలలు ఆగకండి సిరి గారూ, ఈ వారమే వెళ్లి చెప్పండి. యాంటీ టీపీఓ ఉండి టీఎస్‌హెచ్ ఇలా ఉంటే, పిల్లలు కావాలనుకునేవాళ్లకు మందు ముందే మొదలుపెట్టడం గురించి ఆలోచిస్తారు. గర్భం వచ్చాక మొదటి సగంలో దాదాపు నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూస్తారు. ఆ రిపోర్టూ, మీరు వాడుతున్న మాత్రలన్నీ పట్టుకెళ్లండి.

సిరి, గుంటూరు:
రేపు ఉదయానికి అపాయింట్‌మెంట్ దొరికింది అక్కా. మా ఆయన కూడా వస్తున్నారు.