పేల్ ఏల్ బీరులో హాప్స్ (చేదు, వాసన ఇచ్చే పూలు) ఎప్పుడెప్పుడు ఎంత వేయాలి?

మాది విజయవాడ, పటమట. మా బావ డాలస్‌లో ఇంట్లోనే బీరు తయారు చేస్తుంటాడు, వచ్చే నెల నేను వెళ్తున్నా కదా, ఈసారి హాప్స్ లెక్క నన్నే వేయమన్నాడు. పోయినసారి అన్నీ మొదట్లోనే పడేసి గంటసేపు మరిగించాడట, నాలుక పీకేంత చేదు వచ్చింది గానీ వాసన మాత్రం సున్నా. చారులో కొత్తిమీర చివర్లో వేస్తాం చూడండి, ఇదీ అంతేనని నాకు అర్థమైంది.

19 లీటర్ల బ్యాచ్. మరుగు మొదలవగానే చేదు కోసం మాగ్నమ్ రకం హాప్స్ 15 గ్రాములు. వాసన కోసం సిట్రా, మొజాయిక్ రకాలు కలిపి 225 గ్రాములున్నాయి. వాటిలో 30 ఆఖరి 10 నిమిషాలకు, 80 గ్రాములు మంట ఆపి 80 డిగ్రీలకు చల్లారాక వేసి 20 నిమిషాలు ఉంచి, మిగతా 115 పులిసాక డ్రై హాప్ (మరిగించకుండా అలాగే బీరులో వేసి నానబెట్టడం) చేద్దామని.

ఆ 10 నిమిషాలది తీసేసి అదీ 80 డిగ్రీల దగ్గరే కలిపేస్తే మేలా? డ్రై హాప్ ఒకేసారి వేయాలా, రెండు దఫాలుగానా? ఎక్కువ రోజులు ఉంచితే పచ్చిగడ్డి వాసన వస్తుందంటారు, అందుకే మూడు రోజులు చాలని నేను, వారం ఉండాలని బావ (ఆయనకి ఏదైనా ఎక్కువే కావాలి). చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, లెక్క తప్పైతే మొహమాటపడకండి.