దారూబందీ (మద్యనిషేధం) మీద చర్చ పెడితే పిల్లలు ఇంకా బిగుసుకుపోతున్నారు, ఏం మార్చాలి?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
మా దగ్గర ఆదివారం సాయంత్రం డిగ్రీ పిల్లలు పద్నాలుగు మంది చర్చకు కూర్చుంటారు. ఈసారి దారూబందీ. మహారాష్ట్రలోని మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యం బంద్, గోదావరి దాటితే తెలంగాణలో దుకాణాలు. ఎవరికీ తెలియని సంగతి కాదు. చీట్లు తీసి ఇద్దరికి రెండు కొసల వాదనలు అప్పగించాం. 'తాగినోణ్ణి జైల్లో వెయ్యాలి' అని ఒకరు, 'ఎవని ఒళ్లు వానిది, సర్కారుకేం పని' అని ఇంకొకరు. ఆ రెండిటి మధ్య ఎవరి విలువలు వాళ్లు తేల్చుకుంటారనుకున్నాం. గంటన్నరకు చూస్తే వచ్చినప్పటికంటే మొండిగా ఉన్నారు. ఈ విపరీతపు వాదనలు తీసేసి నడిమి మాటలే పెట్టాలా?

రాయగడ మాస్టారు:
తీసెయ్యకండి. లోపం వాదనలో కాదు, కూర్చోబెట్టిన తీరులో ఉంది. ఒకే మొగ్గున్నవాళ్లు కలిసి మాట్లాడుకుంటే ఆ మొగ్గు ముదురుతుంది. 1969లో మోస్కొవిచీ, జవలోనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫ్రాన్స్ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో వాళ్ల దేశనాయకుడు ద గోల్ మీద ఉన్న మంచి అభిప్రాయం చర్చ తర్వాత పెరిగింది, అమెరికన్ల మీద ఉన్న అయిష్టమూ పెరిగింది. తన పక్షానికి కొత్త వాదనలు దొరుకుతాయి. పైగా గుంపులో తాను తక్కువ తినలేదని చూపించుకోవాలని ఉంటుంది.

ఎవరూ నోరు తెరవకముందే చీటీ ఇవ్వండి. దాని మీద 0 నుంచి 10 వరకు అంకెలు, 0 ఒక కొస వాదన, 10 రెండో కొస. తానున్న అంకెకు సున్నా చుట్టాలి, సర్దుకోగలిగినవాటికి టిక్కు, చచ్చినా ఒప్పుకోనివాటికి ఇంటూ. మిగిలినవి ఖాళీ. ఆ చీటీలు చూసి అన్ని రకాలూ కలిసేలా నాలుగు, అయిదు, అయిదుగా విడదీయండి. నలభై నిమిషాలు చాలు. చివర్లో చీటీ వెనక మళ్లీ అదే పని. చుట్టిన సున్నా వేరే అంకెకు కదిలిందా అని చూడొద్దు, అది సాధారణంగా కదలదు. ఇంటూలు తగ్గాయా పెరిగాయా చూడండి. పెరిగితే మీరు విసిరిన వాదన మరీ దూరంలో పడిందన్నమాట. ఇంటూల్లో పడ్డ మాట ఉన్నదానికంటే ఇంకా విడ్డూరంగా వినబడుతుంది, నవ్వి వదిలేస్తారు. మీ 'జైలు' వాదన గతి అదే అయ్యుంటుంది. ఖాళీ అంకెల అంచున ఉన్న మాటతో మొదలుపెట్టండి.

కిన్వట్ నుంచి:
'ఎందుకు' అని అడగడం ఆపండి. దానికి అందరి దగ్గరా ఉపన్యాసం సిద్ధంగా ఉంటుంది. 'ఎలా' అని అడగండి. ఒక్క సీసాను పట్టుకుని నడిపించండి: అవతలి ఒడ్డున ఎవడు కొన్నాడు, ఎలా దాటించాడు, ఎవరు ఆపాలి, కేసయితే జామీను డబ్బు ఏ డబ్బాలోంచి వస్తుంది? జైలు అన్నవాడు ఇక్కడ ఆగుతాడు, ఎందుకంటే అది ఆ ఇంటి బియ్యం డబ్బు. 'వాని ఒళ్లు వానిది' అన్నవాణ్ణి శనివారం కూలి దగ్గర మొదలుపెట్టి కిరాణా ఖాతా దాకా నడిపించండి. ఇద్దరూ అదే వంటింట్లో తేలతారు. తాను దేనికి విలువ ఇస్తున్నాడో అక్కడే బయటపడుతుంది, నినాదంలో కాదు.

2013లో ఫెర్న్‌బాక్ బృందం ఇలా అంచెలంచెలుగా వివరించమంటే జనం మెత్తబడ్డారని చూపింది, కారణాలు చెప్పమంటే మెత్తబడలేదు. తర్వాత మళ్లీ చేసి చూసినవాళ్లకు ఆ మెత్తదనం అంతగా కనబడలేదు, కాబట్టి మంత్రం అనుకోకండి. పక్కనున్న చంద్రపూర్‌ను వాడుకోండి: 2015లో బంద్ పెట్టారు, 2021లో ఎత్తేశారు. రెండు పక్షాలకూ అది ఇబ్బందికరమైన ఉదాహరణే!

పర్లాకిమిడి పాఠకుడు:
చీట్లు తీసి పాత్రలివ్వడం మానండి. అరువు వాదన అని అందరికీ తెలుసు, ఎవరూ లోతుగా ఆలోచించరు. నెమెత్ బృందం 2001లో పోల్చి చూసింది: అప్పగించిన ప్రతివాదికంటే నిజంగా నమ్మి ఎదురు చెప్పేవాడి వల్లే మిగతావాళ్లకు సొంత ఆలోచనలు ఎక్కువ పుట్టాయి. అలాంటివాడు మీ పద్నాలుగు మందిలో లేకపోతే బయటినుంచి పిలవండి.

ఇంకో మాట. నడిమి మాట మీద అంత భక్తి వద్దు. అది నడుమ ఉందంటే అటూ ఇటూ కొసలు ఎక్కడున్నాయో చెప్పినట్టే, సరైనదని కాదు. కొస జరిగితే నడుమూ జరుగుతుంది. మా ఊళ్లో ఉండి గిడుగు రామమూర్తి పంతులు బడి పుస్తకాలు వాడుక భాషలో ఉండాలన్నప్పుడు అది విపరీతమే, జయంతి రామయ్య పంతులు లాంటి పెద్దలు ఎదురు నిలిచారు. ఇప్పుడు మనం ఇక్కడ రాస్తున్నది ఏ భాషలో? ఆయన అరిచి ఊరుకోలేదు, పాత కవుల ప్రయోగాలు, శాసనాలు తవ్వి ముందు పెట్టాడు. మీరు పిలిచే మొండిమనిషినీ అదే అడగండి: ఆధారం తెచ్చావా, పోయినవారం మాట మీదే ఉన్నావా?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
అందరికీ ధన్యవాదాలు. ఒక చిక్కు: చీటీ మడిచినా మావాళ్లు చేతిరాత గుర్తుపడతారు.

రాయగడ మాస్టారు:
అందుకే అక్షరం రాయించొద్దు. అంకెలు ముందే ముద్రించి పంచండి, అందరికీ ఒకే రంగు పెన్ను. పేరు బదులు మూలన ఎవరికి వాళ్లు గుర్తుంచుకునే బొమ్మ ఒకటి గీయమనండి. గుంపులు విడదీసేటప్పుడు బొమ్మలు పిలిస్తే సరి, అంకెలు మీ దగ్గరే ఉంచుకోండి.