ఆల్బమ్ వ్యాసానికి గ్రేడు వేసేటప్పుడు ఏం చూడాలి? పాటనా, మూలాలనా?

లీలామహల్ సర్కిల్

అందరికీ నమస్కారం. తిరుపతిలో మేం కొందరం కలిసి అన్నమయ్య కీర్తనల పాత రికార్డుల మీద, క్యాసెట్ల మీద వికీపీడియాలో వ్యాసాలు రాద్దామని కూర్చున్నాం. ఒక్క లైను రాయకముందే మాలో మాకు వాదన మొదలైంది. అది మాలో తెగేట్టు లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

తెలియనివారి కోసం ముందు రెండు ముక్కలు. ఇంగ్లీషు వికీపీడియాలో ప్రతి వ్యాసం వెనక ఒక చర్చా పేజీ ఉంటుంది. వాలంటీర్లు అక్కడ ఆ వ్యాసానికి గ్రేడు వేసి పెడతారు. అన్నిటికన్నా కింద స్టబ్. దాని పైన స్టార్ట్, సి, బి. ఆ పైన గుడ్ ఆర్టికల్, ఎ, అన్నిటికీ పైన ఫీచర్డ్ ఆర్టికల్. బి దాకా ఎవరైనా వేయొచ్చు. గుడ్ ఆర్టికల్ కావాలంటే రాసినవాళ్లు కాకుండా వేరే ఒకరు కూర్చుని సమీక్ష చేయాలి. ఫీచర్డ్ కావాలంటే వ్యాసాన్ని అందరి ముందూ పెట్టి, అడిగినవాటికి జవాబు చెప్పి నెగ్గించుకోవాలి.

ఇప్పుడు 'బాలాజీ పంచరత్నమాల' తీసుకోండి. 1979-80 ప్రాంతంలో దేవస్థానం పూనుకుని ఎం.ఎస్. సుబ్బులక్ష్మి చేత పాడించిన ఐదు ఎల్పీలు అవి. అప్పటి ఈవో పి.వి.ఆర్.కె. ప్రసాద్. 'నానాటి బ్రతుకు', 'భావయామి గోపాలబాలం' లాంటివి ఎన్నో ఇళ్లకు చేరింది ఆ రికార్డులతోనే. పూర్ణకుంభం సర్కిల్లో ఆమె విగ్రహం ఊరికే పెట్టలేదు కదా. మరి ఈ ఆల్బమ్ మీద వ్యాసం రాస్తే గ్రేడు ఎక్కడ ఆగుతుంది? పెద్ద గ్రేడు వచ్చిన ఆల్బమ్ వ్యాసాలు తెరిచి చూడండి. నేపథ్యం, రికార్డింగ్, విడుదల, విమర్శకుల స్పందన, చార్టుల్లో స్థానం, అమ్మకాల సర్టిఫికెట్లు... మనకు చార్టు ఏది? భక్తి రికార్డుకు ఐదు నక్షత్రాల్లో మూడున్నర వేసిన విమర్శకుడు ఎవరు? పోయిన నెల అమెరికాలో వచ్చిన పాప్ ఆల్బమ్‌కు కావలసినన్ని రివ్యూలు దొరుకుతాయి. అది తొందరగానే గుడ్ ఆర్టికల్ వాళ్ల ఆకుపచ్చ ప్లస్ గుర్తు తగిలించుకుంటుంది. మనది స్టార్ట్ దగ్గర కూర్చుంటుంది.

నేననేది ఒకటే. భక్తి, కర్ణాటక సంగీత ఆల్బమ్‌లకు వేరే కొలత ఉండాలి.

చిత్తూరు తోతాపురి

అన్నా, రెండు లెక్కలు కలిపేశారు. గ్రేడు వ్యాసానికి, ఆల్బమ్‌కు కాదు. ఆల్బమ్ ఎంత గొప్పదైనా దాని మీద నాలుగు లైన్లే ఉంటే అది స్టబ్బే. చెత్త ఆల్బమ్ మీద ఎవరైనా ఓపిగ్గా రాస్తే అది ఫీచర్డ్ కూడా అవుతుంది. దాంట్లో అన్యాయం ఏముంది?

గొప్పతనానికి వేరే గడి ఉంది. చాలా ప్రాజెక్టుల్లో, అంటే ఒక్కో విషయం మీద పనిచేసే వాలంటీర్ల జట్లలో, నాణ్యతతో పాటు ప్రాముఖ్యత కూడా రాస్తారు: టాప్, హై, మిడ్, లో అని. పంచరత్నమాలకు అక్కడ హై వేసి, ఇక్కడ స్టబ్ వేయొచ్చు. ఆ రెండూ పక్కపక్కన కనబడితేనే 'ఇంత ముఖ్యమైనదాని మీద ఇంత తక్కువ రాశారా' అని ఇంకొకడు వచ్చి రాస్తాడు. గ్రేడు ఉన్నది అందుకే.

ఇంకోటి. చార్టు లేకపోతే గుడ్ ఆర్టికల్ రాదని ఎక్కడా లేదు. దానికి చూసేవి ఆరు: భాష బాగుండాలి, మూలాలతో సరిచూసుకునే వీలుండాలి, ముఖ్యమైన విషయాలన్నీ రావాలి, పక్షపాతం ఉండకూడదు, రోజూ దిద్దుబాట్ల గొడవ నడుస్తూ ఉండకూడదు, తగిన బొమ్మలు ఉండాలి. లేని చార్టును ఎవరూ అడగరు.

అలిపిరి మెట్లు

తోతాపురి తమ్ముడూ, రూలు నువ్వు చెప్పినట్టే ఉంది. వేసేవాళ్లు అట్లా వేయరు, అదీ సమస్య. స్టార్ట్, సి, బి వేసే వాలంటీరు ఒక సాయంత్రం కూర్చుంటే వరసగా ఎన్నో వ్యాసాలు చూసేస్తాడు. ఒక్కోదానికి నిమిషమో రెండు నిమిషాలో. అంత టైంలో కంటికి ఏం కనబడుతుంది? ఇన్ఫోబాక్సు (పక్కన ముఖ్య వివరాలుండే పెట్టె) ఉందా, కవర్ బొమ్మ ఉందా, పాటల పట్టికలో నిడివి ఉందా, కింద ఎన్ని మూలాలున్నాయి. ఆకారం చూసి గ్రేడు వేస్తారు.

నమ్మకపోతే యంత్రాన్నే చూడు. 2015లో ఓరెస్ అని ఒకటి తెచ్చారు, వ్యాసం ఏ గ్రేడులో ఉండొచ్చో అంచనా వేసేది. అది లెక్కపెట్టేది మూలాలు, శీర్షికలు, పొడవు, లింకులు. వ్యాసంలో రాసింది నిజమా కాదా అని దానికి తెలియదు. అయినా ఆ అంచనా మనుషులు వేసిన గ్రేడుకు చాలాసార్లు దగ్గరగానే వస్తుంది. అంటే మనుషులు కూడా ఎక్కువసార్లు చూస్తున్నది అవేనని కాదా?

రేవతి రాగం

నేను సంగీతం పాఠాలు చెప్పేదాన్ని, వికీలో రాయడం ఈమధ్యే మొదలుపెట్టాను. మీరు చార్టుల దగ్గర కొట్టుకుంటున్నారు కానీ, నాకు గుచ్చుకునే విషయం వేరే. పాటల పట్టిక.

ఆల్బమ్ వ్యాసానికి పై గ్రేడు కావాలంటే ప్రతి పాటకూ నిడివి, కర్త పేరు ఉండాలంటారు. సినిమా పాటకైతే చిక్కు లేదు. అన్నమయ్య కీర్తనకు ఏం రాస్తారు? ఆయన 15వ శతాబ్దం మనిషి. రాగిరేకులు 1922లో బయటపడ్డాయి. వాటి మీద కీర్తన ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. అంటే ఇవాళ మనం వినే వరుసల్లో (ట్యూన్లలో) చాలా భాగం 20వ శతాబ్దంలో కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు వందకు పైగా కీర్తనలకు కట్టారు. 'నానాటి బ్రతుకు' రేవతిలో కట్టింది నేదునూరి కృష్ణమూర్తి గారు, మన ఎస్వీ సంగీత నృత్య కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసినాయన. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు వందల కీర్తనలకు కట్టి, పాడి, 2025 మార్చిలో తిరుపతిలోనే కన్నుమూశారు.

వీళ్ల పేర్లన్నీ తీసేసి 'రచన, సంగీతం: అన్నమాచార్య' అని ఒక్క లైను రాస్తే ఏమవుతుంది? గడి నిండింది, గ్రేడు వేసేవాళ్లు టిక్కు పెట్టి వెళ్లిపోతారు. తప్పు రాసిన వ్యాసానికి బి వస్తుంది. 'వరుస ఎవరు కట్టారో ఈ పాటకు ఆధారం దొరకలేదు' అని నిజాయితీగా గడి ఖాళీ పెట్టినవాళ్లకు సి వస్తుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. సంగీతం తెలియనివాళ్లు సంగీత వ్యాసానికి గ్రేడు వేయడం ఏమిటి?

తిరుచానూరు బస్సు

మేడం, ఆ లెక్కన క్రికెట్ వ్యాసానికి క్రికెటర్, గుడి వ్యాసానికి అర్చకుడు గ్రేడు వేయాల. వాలంటీర్లు యాడి నుంచి తెస్తాం?

చిత్తూరు తోతాపురి

రేవతి గారి మాటలో సగానికి నా దగ్గర జవాబుంది. పాటల పట్టిక కోసం వికీలో ఉన్న రెడీమేడ్ మూసలో రచనకు, సంగీతానికి వేర్వేరు నిలువు వరుసలు పెట్టుకోవచ్చు. అవి కాక మనకిష్టమైన పేరుతో ఇంకో నిలువు వరుస కూడా చేర్చుకోవచ్చు. అక్కడ రాగం, తాళం రాయండి. రచన దగ్గర అన్నమాచార్య, సంగీతం దగ్గర వరుస కట్టినవారి పేరు. ఎవరూ అడ్డు చెప్పరు. పాప్ ఆల్బమ్ కోసం చేసిన పట్టికలోనే మన పద్ధతి పట్టేస్తుంది. ఇందుకోసం కొత్త కొలత అక్కర్లేదు.

మిగతా సగానికి జవాబు లేదు, ఒప్పుకుంటాను. గ్రేడు వేసేవాడికి విషయం తెలియకపోతే తప్పు దాటిపోతుంది. కానీ మేడం, విషయం తెలిసినవాళ్లకు ఇంకో జబ్బు ఉంది. పాట మీది ప్రేమతో 'ఎవరికైనా తెలిసిందే' అని మూలం లేకుండా రాసేస్తారు. నేదునూరి గారి సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు. చదివేవాడికి ఎట్లా తెలుస్తుంది? ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో పెట్టాలి. విషయం తెలియనివాడు 'దీనికి మూలం ఎక్కడ' అని అడిగేది అజ్ఞానంతోనే. ఆ అడగడం వల్లే వ్యాసం బాగుపడుతుంది.

రేవతి రాగం

అడిగితే మంచిదే. అడగకుండా టిక్కు పెట్టి పోతున్నారనే కదా నేనన్నది.

కపిలతీర్థం జల్లు

ఇంత మాట్లాడుతున్నారు సరే, ఆ ఎల్పీ అట్టలు ఎవరి దగ్గరున్నాయి?

లీలామహల్ సర్కిల్

మా పెదనాన్న వాళ్లింట్లో రెండున్నాయి, అట్ట అంచులు చెదలు తినేసినాయి. వెనక వివరాలు చదవొచ్చు.

అలిపిరి మెట్లు

అయితే ముందు అవి ఫోటో తీసి పెట్టుకోండి. పాల్గొన్నవారి పేర్లకు, పాటల వరుసకు అట్ట మీది రాతను మూలంగా ఇవ్వొచ్చు. అట్ట మీద 'అద్భుతమైన గానం' అని ఉంటే మాత్రం అది పనికిరాదు, అమ్ముకునేవాడు రాసుకున్నది. ఇంకో జాగ్రత్త: విడుదలైన సంవత్సరాన్ని పాటల యాప్‌లలో చూసి ఎత్తిరాయకండి. పాత రికార్డును మళ్లీ సీడీగానో డిజిటల్‌గానో తెచ్చిన సంవత్సరాన్ని చాలాసార్లు అవి విడుదల సంవత్సరంగా చూపిస్తాయి. రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ సైటు కూడా వాడుకరులు నింపేదే, మూలంగా ఒప్పుకోరు. ఏం వెతకాలో తెలుసుకోవడానికి చూసుకోండి, అంతే.

కవర్ బొమ్మకు కాపీరైటు ఉంటుంది కాబట్టి కామన్స్‌లో (ఎవరైనా వాడుకోగల బొమ్మలుండే వికీ సైటు) పెట్టకూడదు. చిన్న సైజులో, ఎందుకు వాడుతున్నామో కారణం రాసి, ఆ వ్యాసానికి మాత్రమే.

లీలామహల్ సర్కిల్

ఈ జాగ్రత్తలన్నీ పాటిస్తాను. అయినా నా మొదటి ప్రశ్న అక్కడే ఉంది. తోతాపురి చెప్పినట్టు 'మూలాల్లో ఉన్న ముఖ్య విషయాలన్నీ రావాలి' అనుకుందాం. మన పాటల మీద మూలాలే తక్కువ. ఊరంతా విన్న పాట గురించి పేపర్లో వచ్చింది రెండు పేరాలు. వినడం ఎక్కువ, రాయడం తక్కువ అయిన చోట, రాసినదాన్ని బట్టి గ్రేడు వేస్తే ఎప్పుడూ మనమే కింద ఉంటాం. దీనికి ఏమంటారు?

చిత్తూరు తోతాపురి

నిజమే, కింద ఉంటాం. అది గ్రేడు తప్పు కాదు. మన దగ్గర పేపర్లు, మ్యాగజైన్లు పాతవి దాచి, స్కాన్ చేసి పెట్టకపోవడం తప్పు. గ్రేడు పెంచితే ఆ లోటు కనబడకుండా పోతుంది. నాకు స్టార్ట్ అనే మాట కనబడడమే కావాలి.

పైగా మీరడిగే వేరే కొలతకు కాలం దాటిపోయింది. ఒకప్పుడు ఏ ప్రాజెక్టుకు ఆ ప్రాజెక్టు సొంతంగా గ్రేడు వేసేది. ఒకే వ్యాసానికి ఆల్బమ్ ప్రాజెక్టు సి అంటే, ఇండియా ప్రాజెక్టు స్టార్ట్ అనేది. 2023 నుంచి మామూలుగా వ్యాసం మొత్తానికి ఒకటే గ్రేడు. వాళ్లు కొలతలు తగ్గించుకుంటూ పోతుంటే, మనం కొత్తది కావాలని అడగడం జరిగే పని కాదు.

అలిపిరి మెట్లు

ఒకటే గ్రేడు చేయడం మంచికే అంటావా? ఆల్బమ్ వ్యాసాలు తెలిసినవాళ్లు తమ సొంత చెక్‌లిస్టు పెట్టుకుని చూసేవాళ్లు. ఇప్పుడు ఏ దారిన పోయేవాడైనా ఒక అక్షరం మార్చిపోతే అందరికీ అదే. రేవతి గారు చెప్పిన చిక్కు దీంతో పెరిగిందే కానీ తగ్గలేదు.

తిరుచానూరు బస్సు

నాదొక పాత సంగతి. అసలు ఈ గ్రేడులు దేనికి పుట్టాయో ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషు వికీలోంచి మంచి వ్యాసాలు ఏరి, సీడీ మీదో అచ్చులోనో తేవాలని ఒక బృందం మొదలుపెట్టింది. ఏరాలంటే ముందు ఏది ఎట్లా ఉందో తెలియాలి కదా, అందుకని ఈ మెట్లు కట్టారు. 2007లో సుమారు రెండు వేల వ్యాసాలతో ఒక సీడీ వచ్చింది కూడా. సి అనేది 2008లో మధ్యలో దూర్చారు, స్టార్ట్‌కూ బికీ మధ్య దూరం ఎక్కువైందని. ఇప్పుడు సీడీ ప్లేయరే లేదు, మెట్లు మాత్రం మిగిలినాయి. వాటి మీద నిలబడి మీరు పోట్లాడుకుంటా ఉండారు.

రేవతి రాగం

అయితే తెలుగు వికీలో ఏం చేద్దాం? నా వ్యాసాలు ఎక్కువగా అక్కడే. 2003 నుంచి ఉన్న వికీ అది. స్టబ్‌ను అక్కడ మొలక అంటారు. మొలకకు లెక్క సైజు, రెండు కిలోబైట్లు దాటకపోతే మొలక. ఆ పైన ఇంత వివరంగా మెట్ల పద్ధతి పెద్దగా నడవదు. 'ఈ వారం వ్యాసం' కోసం ఎంపిక చేసేటప్పుడు మాత్రం ఎవరో ఒకరు శ్రద్ధగా చదువుతారు. నాకైతే అదే బాగుంది. రాసేవాళ్లమే తక్కువ, మళ్లీ మాలో కొందరు కూర్చుని మార్కులు వేస్తే రాసేదెవరు?

చిత్తూరు తోతాపురి

సైజు చూసి మొలక అనడం ఇంకా ఘోరం మేడం. పాటల పట్టిక ఒక్కటి పెడితే రెండు కిలోబైట్లు దాటిపోతుంది, వాక్యం ఒక్కటి లేకుండా. తెలుగు అక్షరం ఒక్కోదానికి మూడు బైట్లు పడుతుంది కూడా.

రేవతి రాగం

అది మాత్రం ఒప్పుకుంటాను. పట్టికలు, ఇన్ఫోబాక్సు తీసేసి మిగిలిన వాక్యాలను చూడమని తెలుగు వికీ చర్చల పేజీ రచ్చబండలో అడుగుదాం.

అలిపిరి మెట్లు

అడగండి, నేనూ సంతకం పెడతా. పంచరత్నమాల సంగతికొస్తే, లీలామహల్ అన్నా, నువ్వే రాయి. రాసినవాడే స్టార్ట్‌ను సిగానో బిగానో మార్చుకోవచ్చు, రూలు ఒప్పుకుంటుంది.

లీలామహల్ సర్కిల్

ఒప్పుకున్నా నేను మార్చను. అట్ట మీద ఉన్నంతవరకు వరుస కట్టినవారి పేర్లు, రాగాలు నింపుతాను. గ్రేడు రేవతి గారు వేయాలి.

రేవతి రాగం

నేను వేస్తే సి దాటదు. సుబ్బులక్ష్మి గారితో కలిసి పాడిన రాధా విశ్వనాథన్ పేరు లేకుండా పాల్గొన్నవారి జాబితా పెడితే స్టార్టే.

చిత్తూరు తోతాపురి

రాధా విశ్వనాథన్ గారి పేరుకు మూలం కూడా పెట్టాలి.