పదేళ్ల పాపకు ఏ తెలుగు పుస్తకాలు ఇవ్వాలి? (ఆన్‌లైన్ చర్చ; ముందున్నవి రాసినవాళ్లు పెట్టుకున్న పేర్లు)

వేసవి సెలవులు: మా పాప ఇంగ్లీషు మీడియంలో ఐదో తరగతి చదువుతోంది, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. రాజులూ మునులూ మాట్లాడే నక్కలూ కాకుండా, రకరకాల ఇళ్లలో పెరిగే పిల్లలు కనిపించే పుస్తకాలు చెప్పగలరా?

పాత సంచిక: ముందు పాత చందమామలు ఇప్పించండి. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో వాక్యం చిన్నగా, సూటిగా ఉండి పిల్లలను తడబడనివ్వదు. ఆ తరువాత బుడుగు చదివించండి.

కావలి కోడలు: ఆవిడ అడిగినది రకరకాల ఇళ్ల గురించి. పైగా బుడుగు పిల్లవాడి గొంతుతో పెద్దలను నవ్వించే పుస్తకం. రెండుజెళ్ల సీత కోసం బాబాయి పడే అవస్థ పదేళ్ల పిల్లకు ఏం అర్థమవుతుంది? మహమ్మద్ ఖదీర్‌బాబు గారి దర్గామిట్ట కతలు చూడండి. ఒక ముస్లిం ఇంటి పిల్లవాడి బాల్యం అందులో నెల్లూరు మాటలోనే ఉంటుంది.

పాత సంచిక: బాపు బొమ్మలున్న బుడుగు పిల్లలది కాదనడం నేనెక్కడా వినలేదు. ఒత్తులే సరిగా పట్టుబడని పిల్లకు యాస పుస్తకం ఇస్తే, ఏ మాట రాతలో చెల్లుతుందో ఎలా తెలుస్తుంది?

కావలి కోడలు: బుడుగు మాట్లాడేది మాత్రం గ్రాంథికమా? ఆ నోటి మాట మీ ఇంట్లో వినిపించేదే కాబట్టి మీకు యాసగా తోచదు, మాది తోస్తుంది.

పాత సంచిక: పుస్తకాల చర్చను దయచేసి ప్రాంతాల తగవు చేయకండి.

బడి లైబ్రరీ: జపాను కథ రైలుబడి కూడా చూడండి. రైలుపెట్టెల్లో నడిచే ఆ బడిలో, మధ్యాహ్నం పిల్లల డబ్బాల్లో సముద్రం నుంచి వచ్చిన తిండి ఒకటీ, కొండల నుంచి వచ్చినది ఒకటీ ఉన్నాయా అని హెడ్మాస్టరు చూస్తాడు. మా దగ్గర ఆ ఘట్టం చదివి వినిపిస్తే పిల్లలందరూ తమ డబ్బాలు తెరిచి చూసుకుంటారు.

కావలి కోడలు: డబ్బా మాట వచ్చింది కనుక చెబుతున్నాను. ఏడో తరగతిలో ‘ఆదివారం మా ఇల్లు’ అని వ్యాసం రాయమంటే, నాయన తొట్టి దగ్గర బోటి కడుగుతుంటే నేను చెంబుతో నీళ్లు పోశానని రాశాను. మాష్టారు ఆ వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, పైన ‘పులిహోర’ అని దిద్దారు. మా ఇంట్లో ఆ రోజు పులిహోర లేదు.

పాత సంచిక: ఆ మాష్టారిని నేను సమర్థించను. నా భయం వేరు. మా మనవడు ‘క్ష’ను చూసి ఇది ఏ బొమ్మ అని అడిగాడు. ఏ తెలుగు అన్నది మనం తేల్చుకునేలోగా చదివేవాళ్లే మిగలరేమోనని నా బాధ.

కావలి కోడలు: నేనూ మిగలలేదండీ. పదో తరగతి పరీక్షల తరువాత తెలుగు పుస్తకం ముట్టుకోలేదు. ఇద్దరు పిల్లలు పుట్టాక దర్గామిట్ట కతలతో మళ్లీ మొదలుపెట్టాను.

వేసవి సెలవులు: అందరికీ ధన్యవాదాలు. రైలుబడి నేను చదువుతాను, పాప వింటుంది. దర్గామిట్ట కతల్లో పూటకో పేజీ తనే చదువుతానంది. చందమామలు వాళ్ల తాతయ్య పెట్టెలో ఉన్నాయి.

పాత సంచిక: సంతోషం. బుడుగు మాత్రం పిల్లల పుస్తకమే.